లాప్‌టాప్ ధరలో డాలరు లెక్క

‘‘పాత స్టాకు అయిపోయిందండీ, కొత్త సరుకు రేటు ఇదే.’’ సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో లాప్‌టాప్ బేరమాడినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. మోడల్ అదే, ధర మాత్రం పెరిగింది. అమెరికాలో ఉన్న అన్నయ్యకు ఫోన్ చేస్తే, అక్కడ అంతకుముందున్న ధరే ఉందంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే కావచ్చు.

ప్రాసెసర్, మెమరీ, తెర ఏ దేశంలో తయారైనా వాటి కొనుగోళ్లు ఎక్కువగా డాలర్లలోనే సాగుతాయి. కాబట్టి యంత్రం ఖర్చు పెరగకపోయినా, మన డబ్బు విలువ తగ్గితే మనకు ధర పెరుగుతుంది.

2016లో బ్రిటన్‌లో ఇదే జరిగింది. జూన్‌లో ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగాలని ప్రజలు ఓటేశారు. ఓటింగ్ రోజున దాదాపు 1.48 డాలర్లు పలికిన పౌండు అక్టోబరు చివరికి 1.22 దగ్గరికి జారింది. ఆ నెలలోనే యాపిల్ తన మ్యాక్ ప్రో కంప్యూటర్ ధరను అక్కడ 2,499 పౌండ్ల నుంచి 2,999కి పెంచింది. అమెరికాలో మాత్రం 2,999 డాలర్లే ఉంచింది.

లెక్క కట్టి చూడండి. 2,999 డాలర్లను పాత రేటున మారిస్తే సుమారు 2,026 పౌండ్లు. 20 శాతం వ్యాట్ కలిపితే 2,430. కొత్త రేటున 2,458, వ్యాట్‌తో 2,950. పన్ను శాతం మారలేదు, కానీ పన్ను సొమ్మే 80 పౌండ్లకు పైగా పెరిగింది.

మనకూ అంతే. 2013 ఆరంభంలో 55 రూపాయల దగ్గరున్న డాలరు ఆగస్టు చివర్లో 68 దాటింది. 700 డాలర్ల యంత్రం మీద ఆ తేడా ఒక్కటే 9,100 రూపాయలు. ఇప్పటి 18 శాతం జీఎస్టీ వేస్తే ఇంకో 1,638.

దేశాల ధరలు పోల్చేటప్పుడు పన్నులూ చూడాలి. మన ఎమ్మార్పీలో జీఎస్టీ కలిసే ఉంటుంది. డాలస్‌లో వెయ్యి డాలర్లని రాసి ఉన్నదానికి బిల్లులో 8.25 శాతం అమ్మకం పన్ను చేరుతుంది. ఒరెగాన్‌లో ఆ పన్నే లేదు.

రూపాయి కోలుకున్నా ధర వెంటనే దిగదు. ఖరీదైన డాలరుతో తెచ్చిన సరుకు ముందు అమ్ముడుపోవాలి. అందుకే పిల్లల చదువుకు లాప్‌టాప్ కొనే తల్లిదండ్రులు దుకాణంలో ముందుగా అడగాల్సిన ప్రశ్న: ‘‘ఈ సరుకు ఎప్పుడొచ్చింది?’’