ఊపిరి లెక్క

సంక్రాంతికి ముందు పదిహేను రోజులు నా కుట్టుమిషన్‌కు ఊపిరాడదు. పండుగ పోయిన తెల్లారి నుంచి దానికీ నాకూ సెలవే. ఆ సెలవులో నేను మెడలో టేపు తీయడం కూడా మరిచి, గాలం కట్టె పట్టుకొని చెరువు కట్ట ఎక్కుతాను. నర్మెట్టలో ముప్పై ఏండ్లుగా దర్జీ పని చేస్తున్న నాకు ఈ పిచ్చి అంటించినవాడు మా పెద్దబాపు.

చలికాలంలో గాలానికి చేప పడదని మా దగ్గర చాలామంది అంటారు. తెల్లవారుజామున వెళ్లేవాళ్లకు అది నిజమే. చిన్నప్పుడు నేనూ అట్లాగే గొంగడి కప్పుకొని చీకట్లోనే పోయి, ఖాళీ చేతులతో వచ్చి, పెద్దబాపు దగ్గర మొహం మాడ్చుకున్నాను.

"నీకు చలి పెడితే దుప్పట్ల పంటవు. దానికి పెడితే అది బురదల పంటది. పొద్దెక్కనియ్యి కొడుకా, అదే లేస్తది" అన్నాడు.

ఇంత చిన్న మాటలో చలికాలపు చేపల వేటంతా ఉంది. మనిషి ఒంటి వేడి చలికాలమైనా ఎండాకాలమైనా ఒకటే. చేపకు అట్లా కాదు. నీరు ఎంత చల్లగా ఉంటే దాని ఒళ్లూ అంతే చల్లగా ఉంటుంది. ఒళ్లు చల్లబడితే తిన్నది అరగడం నెమ్మదిస్తుంది, ఆకలి తగ్గుతుంది, ఎర వెంట పరుగెత్తే ఓపికా ఉండదు. అందుకే చలికాలంలో మాకు పని పదకొండు నుంచి మూడు దాకానే. చోటు కూడా చూసుకోవాలి. జనవరిలో సూర్యుడు దక్షిణం వైపు ఒరిగి నడుస్తాడు. కాబట్టి దక్షిణం వైపు మొహం పెట్టిన రాతికట్టు దగ్గర, మోకాలిలోతు నీళ్లున్న చోట, ముందుగా వెచ్చబడుతుంది. రాయి మీద చెయ్యి పెట్టి చూస్తాను. రాయి వెచ్చగా తగిలితే అక్కడే కూర్చుంటాను.

నీళ్లలో మునిగి చచ్చే చేప

నేను వెతికేది కొర్రమట్టను. కొందరు కొరమీను అంటారు. తెలంగాణ రాష్ట్ర చేప అదే. మృగశిర కార్తె రోజున హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసం మందు పెట్టి గొంతులోకి వదిలేది కూడా దీని పిల్లనే.

చాలా చేపలకు లేని తిప్పలు దీనికి ఒకటుంది. మొప్పలు ఉన్నా అవి చాలవు. తలలో, మొప్పల పైన, గాలి పట్టుకునే గదులుంటాయి. నీటి మీదికి వచ్చి నోటితో గాలి మింగి, ఆ గదులు నింపుకొని మళ్లీ కిందికి పోతుంది. పైకి రానియ్యకుండా వలతో అడ్డుపెడితే, నీళ్లలో పుట్టిన ఆ చేప నీళ్లలోనే మునిగి చస్తుంది. అంగడిలో మిగతా చేపలు కళ్లు తేలేసి పడుంటే, కొర్రమట్టలు మాత్రం బేసిన్‌లో నాలుగు చెంబుల నీళ్లలోనే ఎగిరెగిరి పడుతుంటాయి. ఆ గుట్టు ఇదే. చెరువు ఎండినా తడి బురదలో కొన్నాళ్లు నెట్టుకొచ్చేదీ ఈ బలంతోనే.

గాలి మింగేటప్పుడు 'బుడుక్' మని చిన్న చప్పుడవుతుంది. కలువాకుల మధ్య ఒక బుడగ, దాని చుట్టూ పళ్లెమంత సుడి. పెద్దబాపుకు అంత చాలు. తువ్వాలలో గులకరాళ్లు పోసుకొని కూర్చునేవాడు. చప్పుడు వినపడగానే నోట్లో లెక్క మొదలు. వంద కాగానే ఒక రాయి ఎడమ చేతిలో నుంచి కుడి చేతిలోకి. మళ్లీ 'బుడుక్' మనేదాకా బీడీ కూడా ముట్టించడు.

ఎండాకాలంలో ఆయన చేతిలో రెండు రాళ్లు మారేలోపే చేప పైకి వచ్చేది. చలికాలంలో ఆరు, ఒక్కోరోజు ఏడు. ఒళ్లు చల్లబడ్డ చేపకు గాలి తక్కువ చాలు, అందుకే ఆలస్యంగా వస్తుంది. ఆ లెక్క తెలిస్తే చేప ఎక్కడుందో, మళ్లీ ఎప్పుడొస్తుందో రెండూ తెలిసినట్టే. అది పైకి వచ్చే వేళకు ఎర దాని ముందు ఉండాలి.

గాలం వేసేవాడికి ఓపిక ఎక్కువని అందరూ అంటారు. పెద్దబాపు వినేవాడు కాదు. "ఓపిక కాదురా, లెక్క. లెక్క తెల్వనోనికే ఓపిక కావాలె" అనేవాడు.

డెన్వర్ నుంచి వచ్చిన డబ్బా

మా అక్క కొడుకు అమెరికాలో డెన్వర్‌లో ఉంటాడు. నిరుడు వచ్చినప్పుడు అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చిచ్చాడు. తెరిచి చూస్తే దోమలు, ఈగలు. ఒక్కోటీ బియ్యపు గింజంత. కళ్లద్దాలు పెట్టుకొని చూస్తే గానీ అవి దారంతో, ఈకలతో కట్టిన గాలాలని తెలియలేదు.

"ట్రౌట్ చేపలకు మామా. చలికాలంలో మా దగ్గర నది ఒడ్డున మంచు పడుతుంటే, నడుములోతు నీళ్లలో నిలబడి వేస్తం" అన్నాడు.

ఆ నది సౌత్ ప్లాట్. కొండల్లో చెరువులు గడ్డకట్టినా డ్యాముల కింద అది పారుతూనే ఉంటుందట. కారణం వింటే ముచ్చటేసింది. నీరు అన్నిటికంటే బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. ఆ బరువు నీరు జలాశయం అడుగుకు చేరుతుంది, తూము నుంచి బయటికి వచ్చేది అదే. పైన మంచు పలక కట్టినా కింద నది ఆగదు.

ట్రౌట్ మన కొర్రమట్టకు పూర్తిగా ఎదురు. అది గాలి మింగదు, నీళ్లలో కరిగిన ప్రాణవాయువే దానికి దిక్కు. చల్లటి నీళ్లలో ఆ వాయువు ఎక్కువ కరుగుతుంది. 10 డిగ్రీల నీటిలో లీటరుకు 11 మిల్లీగ్రాముల పైన పడితే, 30 డిగ్రీల నీటిలో ఏడున్నర దగ్గరే ఆగుతుంది. మన ఎండాకాలపు చెరువులో ట్రౌట్‌ను వదిలితే ఊపిరాడక తేలిపోతుంది. తెల్లదొరలు మన దేశానికి తెచ్చినప్పుడు కూడా చలి ఉన్నచోటే వదిలారు. 1900లో కశ్మీర్‌లో, ఆ తర్వాత కొన్నేండ్లకు నీలగిరుల్లో నిలదొక్కుకుంది. ఈ మధ్య రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలంలో కూడా పెంచుతున్నారు, కానీ అది యంత్రాలతో చల్లబరిచి, వడకట్టి తిప్పే నీళ్లలో.

ఊపిరి తీరు వేరైనా చలికాలపు సూత్రం మాత్రం రెండు చేపలకూ ఒకటేనని మా మేనల్లుడి మాటల్లో తేలింది. అక్కడా మిట్ట మధ్యాహ్నమే వేట. అక్కడా ఎర చిన్నది, కదలిక నెమ్మది. చలికి బిగుసుకున్న చేప నోటి ముందుకు వచ్చిన ముద్దను తింటుంది గానీ దూరం పోయి తెచ్చుకోదు.

తేడా అంతా విసరడంలో ఉంది. మన గాలానికి సీసపు గుండో, ఎరో బరువు. ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. దోమంత గాలానికి బరువెక్కడిది? అందుకని వాళ్లు దారాన్నే బరువుగా, లావుగా చేసుకున్నారు. ఎడ్లబండి మీద చెర్నాకోల విసిరినట్టు కట్టెతో దారాన్ని వెనక్కీ ముందుకూ ఆడించి వదిలితే, చివరనున్న దోమ నీళ్ల మీద నిజం దోమలాగే వాలుతుంది.

నా మిషన్ మీద పుట్టిన దోమ

ఒక దర్జీ చేతికి అట్లాంటిది దొరికితే ఊరుకుంటాడా? సూదితో ఒకదాన్ని పోగు పోగుగా విప్పాను. ముడి చూసి నవ్వొచ్చింది. కోటు గుండీ కుట్టాక కింద దారం చుట్టి మెడ కడతాం కదా, అదే పని. చుట్టు మీద చుట్టు, చివరి పోగు ఆ చుట్ల కిందికే దూర్చి లాగడం.

నాకు కావలసినవన్నీ దుకాణంలోనే ఉన్నాయి. చిన్న గాలాన్ని పట్టుకారు నోట్లో పెట్టి, పిడులకు రబ్బరు బ్యాండు వేసి బిగించాను. చీర ఫాల్ కుట్టే సన్నదారం నల్లది తీసుకున్నాను. పక్కింటి పుంజు మెడ ఈక ఒకటి సంపాదించాను. ఈక కాడను గాలం చుట్టూ తిప్పుతుంటే పోగులన్నీ గొడుగు ఊచల్లా విచ్చుకొని నిలబడ్డాయి. నీళ్ల మీద దోమను తేల్చే కాళ్లు అవే. ముడి మీద మా బిడ్డ గోళ్లరంగు చుక్క వేసి ఆరబెట్టాను.

బరువు దారం నా దగ్గర లేదు. పొడుగాటి సన్న వెదురు కట్టె, దాని పొడవే ఉన్న నైలాన్ దారం, చివర నా దోమ. జపాన్ కొండవాగుల్లో చక్రం లేని కట్టెతో ఇట్లాగే ట్రౌట్ జాతి చేపలను పడతారని, దాన్ని టెంకారా అంటారని మేనల్లుడు ఫోన్‌లో చెప్పి నా పరువు నిలబెట్టాడు.

నాలుగోసారి వాలినప్పుడు నీటి మీద వెండి పోగు మెరిసింది. పడింది పరక. బెత్తెడు కూడా లేదు. వానపాము లేకుండా, పిండి లేకుండా, నా చేతి కుట్టుకు పడిన చేప! ఎండకు ఒకసారి తిప్పి చూసి వదిలేశాను. మద్రాసు సర్వీసులో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ అనే ఇంగ్లీషు అధికారి 1887లోనే మన చెరువుల గాలం వేట మీద ఏకంగా ఒక పుస్తకం రాశాడు. నాకంటే ముందు ఈ పిచ్చి పట్టినవాళ్లు ఉన్నారన్నమాట.

కొర్రమట్టకు మాత్రం దోమ ఆనదు. పెద్దబాపు బతికున్న కప్పపిల్లను గాలానికి గుచ్చేవాడు. అది కాళ్లు కొట్టుకోవడం నాకు చూడబుద్ధి కాక రబ్బరు కప్పకు మారాను. ఆకుల మీద దాన్ని జానెడు లాగి, ఆపి, ఇరవై లెక్కపెట్టి మళ్లీ జానెడు లాగాలి. చేప మీద పడ్డ వెంటనే కట్టె ఎత్తకూడదు. అది నోట్లో పెట్టుకొని తిరిగిపోయేదాకా, మూడు లెక్కపెట్టేంతసేపు, చేతులు కట్టేసినట్టు ఉండాలి. ఆ మూడు లెక్కపెట్టలేక నేను పోగొట్టుకున్న చేపలతో ఊరికి విందు చేయొచ్చు.

పైపులో వచ్చే గోదావరి

మాది మెట్ట. చెప్పుకోదగ్గ నది ఊరి పక్కన లేదు. అయినా గోదావరి మా దాకా వచ్చింది, పైపులో. ఏటూరునాగారం దిక్కు గంగారం దగ్గర ఎత్తిన నీళ్లు దేవాదుల పథకంలో దశలు దశలుగా ఎక్కి, మా మండలంలోని బొమ్మకూరు రిజర్వాయర్‌కు చేరతాయి. నేను చిన్నప్పుడు జనవరికే శిఖంలో క్రికెట్ ఆడిన చెరువులున్నాయి. నీళ్లు నిలవబట్టి ఇప్పుడు చలికాలపు గాలం ముచ్చట చెప్పగలుగుతున్నాను.

చెరువులో చేప ఊరికే పెరగదు. 2016 నుంచి ప్రభుత్వం చేపపిల్లలను ఉచితంగా ఇస్తోంది. మత్స్యకారుల సొసైటీ వాటిని వానాకాలంలో వదిలి, కాపలా ఉండి, నీళ్లు తగ్గే ఎండాకాలంలో వల వేస్తుంది. అది వాళ్ల పంట. అందుకే వాళ్లను అడగకుండా నేను కట్ట ఎక్కను. నాకు పడిన కొర్రమట్టను వాళ్ల ముందే తూకం వేయించి, డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకుంటాను. వానాకాలంలో గాలం ముట్టను. అప్పుడు ఎర్రటి పిల్లల గుంపు ఒకటి నీటి మీద కుంకుమ చల్లినట్టు కదులుతుంటే, కింద తల్లీతండ్రీ కాపలా తిరుగుతుంటాయి. వాటిని పట్టామంటే ఆ పిల్లలన్నీ జెల్లల పాలే.

పెద్దబాపు పోయి ఏండ్లయింది. గులకరాళ్లు ఇప్పుడు నా అంగీ జేబులో ఉంటాయి. మొన్న పండుగ తర్వాత రాతికట్టు మీద కూర్చున్నాను. రాయి వెచ్చగా ఉంది. జంబు గడ్డి పక్కన 'బుడుక్' మంది. సుడి పెద్దది. లెక్క మొదలుపెట్టాను. ఐదు రాళ్లు కుడి చేతిలోకి వచ్చాయి. రబ్బరు కప్ప ఆకు అంచున సిద్ధంగా ఉంది. ఐదు వందల నలభై... ఐదు వందల నలభై ఒకటి...

ఫోన్ మోగింది.

"అన్నా, నా జాకెట్ అయిందా? ఇంకెంతసేపు?"

"ఇంకో అరవైకి అయితది చెల్లె" అన్నాను.

"అరవై ఏందన్నా?"

జవాబు వెతుక్కునేలోపు జంబు పక్కన మళ్లీ 'బుడుక్' మంది. రాళ్లన్నీ ఎడమ చేతిలోకి మార్చుకున్నాను. ఒకటి.