మానవ వనరుల పని బయటి సంస్థకు.. బాధ్యత మాత్రం యజమానికే

సూరత్: పాండేసరాలోనో, సచిన్ పారిశ్రామికవాడలోనో పాతిక మంది కార్మికులతో మరమగ్గాల షెడ్డు నడిపే యజమానికి ప్రతి నెలా రెండు తేదీలు ముఖ్యం. 7వ తేదీ దాటకుండా గత నెల వేతనాలు చెల్లించాలి. 15వ తేదీలోగా భవిష్యనిధి (పీఎఫ్), ఈఎస్‌ఐ చందాలు జమ చేయాలి. నూలు కొనుగోలు, గ్రే క్లాత్ అమ్మకం, కరెంటు బిల్లు, బాకీల వసూలు నడుమ ఈ లెక్కలు చూసేందుకు ఆయన వద్ద ప్రత్యేక విభాగమంటూ ఉండదు. ఆ పనిని రుసుముపై బయటి సంస్థకు అప్పగించడమే మానవ వనరుల అవుట్‌సోర్సింగ్. అయితే పని చేతులు మారినంత సులువుగా చట్టపరమైన బాధ్యత చేతులు మారదు. ఈ తేడా తెలియకపోతే యజమాని జరిమానాల పాలవుతారు. కార్మికుడి కష్టార్జితానికి గండి పడుతుంది.

సూరత్ తెలుగువారికి పరాయి నగరమేమీ కాదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మరమగ్గాలపై పనికి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు దశాబ్దాల క్రితమే లింబాయత్ పరిసరాల్లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నిర్వహిస్తోంది. అందువల్ల సూరత్‌లో వేతన పట్టికలు ఎవరు, ఎలా రాస్తున్నారన్నది తెలంగాణలోని ఎన్నో ఇళ్లకు సంబంధించిన విషయం.

ఒకే మాట.. రెండు అర్థాలు

తెలుగు రాష్ట్రాల్లో అవుట్‌సోర్సింగ్ అనగానే ప్రభుత్వ కార్యాలయాల్లో ఏజెన్సీల ద్వారా పనిచేసే ఉద్యోగులు గుర్తుకు వస్తారు. అది సిబ్బంది సరఫరా. అక్కడ మనిషిని పనిలో పెట్టుకునేది, జీతమిచ్చేది ఏజెన్సీ. పని చేయించుకునేది మరో సంస్థ. ఇప్పుడు చర్చిస్తున్నది వేరు. ఇందులో కార్మికుడు యజమాని సిబ్బందిగానే కొనసాగుతాడు. హాజరు లెక్క, వేతన పట్టిక, పీఎఫ్, ఈఎస్‌ఐ రిటర్నులు, నియామక పత్రాలు, సెలవుల రికార్డు వంటి కాగితం పనులు మాత్రమే బయటి సంస్థకు వెళతాయి.

ఈ రెండింటిలో ఏది ఎంచుకుంటున్నామో యజమానికి స్పష్టత ఉండాలి. ఎందుకంటే పన్ను లెక్క కూడా మారుతుంది. సిబ్బంది సరఫరాపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది. సాధారణంగా వేతనాలతో కలిపి మొత్తం బిల్లుపై దీన్ని లెక్కిస్తారు. నెలకు 3,60,000 రూపాయల వేతనాల బిల్లుపై ఇది 64,800 రూపాయలు. కేవలం వేతన లెక్కల సేవ తీసుకుంటే ఆ సంస్థకు చెల్లించే రుసుముపైనే పన్ను పడుతుంది. ఇలా కట్టిన పన్నును తాము చెల్లించాల్సిన జీఎస్టీలో సర్దుబాటు చేసుకునే వీలుంది. కానీ వస్త్రంపై పన్ను 5 శాతమే కావడంతో, సేవలపై కట్టిన పన్ను పూర్తిగా సర్దుబాటు కాక మిగిలిపోవచ్చు. ఇలా మిగిలిన దాన్ని వాపసు కోరే వీలు లేదని సుప్రీంకోర్టు 2021లోనే తేల్చింది.

ఎందుకు అప్పగిస్తున్నారు?

పది మంది ఉంటే ఈఎస్‌ఐ, ఇరవై మంది ఉంటే పీఎఫ్ వర్తిస్తాయి. అంటే మానవ వనరుల అధికారిని నియమించుకునే స్తోమత రాకముందే చట్టపరమైన విధులు మొదలవుతాయి. దీనికితోడు 29 కేంద్ర కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన నాలుగు స్మృతులు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. నియామక పత్రం తప్పనిసరి అయింది. ఉద్యోగం మానేసిన లేదా తొలగించిన వ్యక్తి వేతన బకాయిలను రెండు పనిదినాల్లో తీర్చాలి.

వేతనం అనే మాటకూ కొత్త నిర్వచనం వచ్చింది. మొత్తం చెల్లింపులో మినహాయింపు భత్యాలు సగానికి మించితే, మించిన భాగాన్ని వేతనంలో కలపాలి. ఉదాహరణకు 20,000 రూపాయల మొత్తంలో మూల వేతనం 8,000, భత్యాలు 12,000 అనుకుందాం. సగం కంటే అదనంగా ఉన్న 2,000 రూపాయలు వేతనంలో కలుస్తాయి. అప్పుడు లెక్కకు తీసుకోవాల్సిన వేతనం 10,000 అవుతుంది. మగ్గాలపై మీటర్ల లెక్కన కూలి చెల్లించే చోట ఈ గణన మరింత జాగ్రత్తగా చేయాలి. దీనికి నైపుణ్యం కావాలి. చిన్న సంస్థకు బయటి సేవ ఉపయోగపడేది ఇక్కడే.

బదిలీ కానిది బాధ్యత

కార్మికుల సరఫరాను మధ్యవర్తికి వదిలేసే పద్ధతి పారిశ్రామికవాడలకు కొత్తేమీ కాదు. ఠేకేదారు మనుషులను తెస్తాడు, హాజరు వేస్తాడు, డబ్బు పంచుతాడు. సేఠ్‌కు కార్మికుడి పేరు కూడా తెలియకపోవచ్చు. కంప్యూటరుతో చేసినంత మాత్రాన ఇదే పద్ధతి సక్రమమైపోదు.

వేతనాల స్మృతి ప్రకారం, చెల్లించాల్సిన వ్యక్తి వేతనం చెల్లించకపోతే ఆ సంస్థ యజమానే బాధ్యుడవుతాడు. కాంట్రాక్టరు పీఎఫ్ చందా కట్టకపోతే ప్రధాన యజమాని నుంచి వసూలు చేస్తారు. ఆయన దాన్ని కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలి. యాభై, అంతకుమించి కాంట్రాక్టు కార్మికులున్న చోట, ప్రధాన కార్యకలాపాల్లో వారి నియామకాన్ని వృత్తి భద్రత స్మృతి కొన్ని మినహాయింపులతో నిషేధించింది. పారిశుద్ధ్యం, కాపలా, క్యాంటీన్, సరకు ఎగుమతి దిగుమతి వంటివి సాధారణంగా ప్రధాన కార్యకలాపాల కిందకు రావు. మగ్గం షెడ్డులో నేత పని అలాంటిదని చెప్పడం కష్టం.

ఇందులోని డబ్బు ఎవరిదో లెక్క వేస్తే సమస్య తీవ్రత అర్థమవుతుంది. నెలకు 18,000 రూపాయల వేతనం ఉన్న కార్మికుడికి 15,000 పరిమితిపై 12 శాతం చొప్పున పీఎఫ్ కింద 1,800, ఈఎస్‌ఐ కింద 0.75 శాతం చొప్పున 135 రూపాయలు కోత పడుతుంది. యజమాని తన వాటాగా పీఎఫ్‌కు 1,800, ఈఎస్‌ఐకి 3.25 శాతం చొప్పున 585 కలపాలి. ఇలాంటి వారు ఇరవై మంది ఉంటే పీఎఫ్‌కు నెలకు 72,000 రూపాయలు జమ కావాలి. అందులో 36,000 కార్మికుల జేబులోంచి వచ్చినవే. కార్మికుల వాటా యజమాని సొమ్ము కాదని, అది ఆయన వద్ద నమ్మకంగా ఉంచిన ధనమని చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో 2022 అక్టోబరు 12న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇంటిపేరు తెచ్చే చిక్కు

డబ్బు సక్రమంగా జమ అయినా, పేరు తప్పుగా నమోదైతే అది చేతికి రాదు. తెలుగువారికి ఈ ఇబ్బంది ఎక్కువ. గుజరాత్‌లో ఇంటిపేరు, సొంత పేరు, తండ్రి పేరు మూడూ కలిపి రాయడం ఆనవాయితీ. మన వద్ద ఇంటిపేరు తరచూ పొడి అక్షరంగా మిగిలిపోతుంది. తండ్రి పేరు వ్యక్తి పేరులో భాగం కాదు. మూడు గళ్ల దరఖాస్తును నింపే గుమాస్తా తండ్రి పేరును మధ్యలో చేర్చవచ్చు. లక్ష్మీనారాయణను రెండు ముక్కలు చేయవచ్చు. ఆధార్‌లో ఒక రకంగా, పీఎఫ్ ఖాతాలో మరో రకంగా ఉన్న పేరు వల్ల, ఏళ్ల తర్వాత ఊరికి తిరిగి వెళ్లే సమయంలో క్లెయిము తిరస్కరణకు గురవుతుంది.

ఆధార్ ఆధారంగా 2017 అక్టోబరు 1 తర్వాత జారీ అయిన యూఏఎన్ ఉన్నవారు పేరు, పుట్టిన తేదీ వంటి వివరాలను యజమాని ధ్రువీకరణ లేకుండానే ఆన్‌లైన్‌లో సవరించుకునే వీలును ఈపీఎఫ్‌ఓ 2025 జనవరిలో కల్పించింది. పాత ఖాతాల విషయంలో ముందుగానే సరిచూసుకోవడం మేలు. మూతపడిన షెడ్డు యజమానిని వెతికి సంతకం తెచ్చుకోవడం ఎంత కష్టమో వలస కార్మికులకు వేరే చెప్పనక్కర్లేదు.

ఒప్పందంలో ఏముండాలి?

వేతనాలు, చందాల సొమ్మును సేవా సంస్థ ఖాతాలో వేయకుండా, యజమాని ఖాతా నుంచే నేరుగా కార్మికులకు, పీఎఫ్, ఈఎస్‌ఐ ఖాతాలకు చేరేలా చూసుకోవాలి. సేవా సంస్థ లెక్క కడితే చాలు, డబ్బు దాని చేతిలో ఉండనక్కర్లేదు.

ఈసీఆర్‌గా పిలిచే పీఎఫ్ రిటర్నులో ప్రతి సభ్యుడి పేరు, చందా ఉంటాయి. నెలవారీ రుసుము చెల్లించే ముందు ఆ జాబితాను షెడ్డులోని హాజరు పట్టీతో పోల్చాలి. పట్టీలో ఇరవై ఆరు మంది, రిటర్నులో పద్దెనిమిది మంది ఉంటే తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే తెలిసిపోతుంది.

ఆలస్యం వల్ల పడే వడ్డీ, జరిమానాలను ఎవరు భరించాలో, ఒప్పందం ముగిశాక రికార్డులు, పాస్‌వర్డులు ఎన్ని రోజుల్లో అప్పగించాలో లిఖితపూర్వకంగా ఉండాలి. కార్మికుల ఆధార్, బ్యాంకు వివరాలు బయటకు పొక్కకుండా చూసే షరతూ అవసరం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ బాధ్యతను కూడా ప్రధానంగా సమాచారం సేకరించిన సంస్థపైనే మోపుతోంది. నియామక పత్రం, వేతన చీటీ కార్మికుడికి అర్థమయ్యే భాషలో ఉండేలా కోరడం యజమానికే రక్ష. తెలుగు, ఒడియా, హిందీ మాట్లాడేవారు ఒకే షెడ్డులో పనిచేసే సూరత్‌లో దీన్ని అదనపు సౌకర్యంగా భావించడానికి వీల్లేదు.

కార్మికుడి వైపు నుంచి మూడు జాగ్రత్తలు చాలు. యూఏఎన్‌ను రాసి పెట్టుకోవాలి. దానికి తన సొంత ఫోన్ నంబరే అనుసంధానమై ఉందో లేదో చూసుకోవాలి. ఆ ఫోన్ నుంచి 99660 44425కు మిస్డ్ కాల్ ఇస్తే పీఎఫ్ వివరాలు సందేశంగా వస్తాయి. వేతన చీటీలో కోత కనిపించి, ఆ సందేశంలో జమ కనిపించకపోతే వెంటనే అడగాలి. అడగాల్సింది సేవా సంస్థ గుమాస్తాను కాదు, యజమానిని. జవాబు చెప్పాల్సింది ఆయనే.