దారిబత్తెము

కాశికి పోయినవాడు, కాటికి పోయినవాడు సమానమని మన పెద్దలు చెప్పెడివారు. దొంగల భయమును, రోగముల భయమును అందుకు కారణములని తలచుదుము. కాని బాటసారికి ప్రతిదినము సాయంకాలము ఎదురగు భయము వేరొకటి కలదు: రేపటికి బియ్యమెక్కడివి?

ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసి. 1830 మే 18వ తేదీన ఆయన కుటుంబముతో కాశీయాత్రకు బయలుదేరిరి. కడప, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశి చేరి, గయను, కలకత్తాను, జగన్నాథమును చూచుకొని, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. పల్లకి బోయీలు, పరిచారకులు కలిసి వెంట సుమారు నూరుమంది.

ఒక చిన్న లెక్క వేసి చూతము. మనిషికి దినమునకు అరకిలో బియ్యమనుకొన్నచో నూరుమందికి 50 కిలోలు. యాత్ర సాగినది 470 దినములకు పైగా. మొత్తము 23,000 కిలోలు దాటును. కావడివాడొకడు 25 కిలోల బియ్యము మోసెననుకొందము. 50 దినములలో ఆ బియ్యమంతయు వాని తిండికే సరిపోవును. మోయువారిని పెంచినకొలది తినెడి నోళ్ళును పెరుగును. కావున దూరపు యాత్రలో బియ్యము ఎప్పటికప్పుడు అంగడిలో కొనవలసినదే.

మరి మూటలో ఏమి కట్టుదురు? మా నాయనమ్మ రైలుప్రయాణమునకు మూట కట్టుట చిన్నతనమున చూచితిని. అటుకులు, పేలపిండి, కందిపొడి, గింజ తీసి ఎండబెట్టిన చింతపండు, పైన నూనె తేలుచున్న ఊరగాయ. మొదటి పూటలకు పులిహోర. తడి పోయిన వస్తువు బరువు తగ్గును, త్వరగా చెడదు. ఉప్పు, పులుపు, నూనె బూజును దగ్గరకు రానీయవు. జాడీలో తడిచేయి పెట్టినవానికి ఆమె చేత చీవాట్లు తప్పెడివి కావు. ఆ మూట అంగడి దొరకని పూటను దాటించుటకే. ఇతరులు వండినది ముట్టని ఆనాటి ఆచారపరులకు బియ్యము, పప్పులతోపాటు వంటచెరకు, కుండ, మంచినీరు కూడ ప్రతి మజిలీలోను కావలసియుండెను.

అందుచేతనే వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకి ఒకే విధమైన సంగతులు వ్రాసికొనిరి: ఏ ఊర అంగళ్ళున్నవి, ఏ పదార్థములు దొరకును, నీటి వసతి యెట్టిది, దిగుటకు తావెక్కడ. విద్యార్థిగా చదివినప్పుడు నాకివి విసుగు పుట్టించినవి. గుళ్ళు, గోపురముల నడుమ ఈ ఉప్పు పప్పుల గొడవ యేల అనుకొంటిని. ఆ అభిప్రాయము తప్పని తరువాత తెలిసినది. ముందరి మజిలీలో అంగడి లేదని ఎరిగినవాడే ఈ మజిలీలో రెండు దినములకు కొనును. ఎరుగనివాడు పస్తుండును; వానికంటె ముందు వాని పల్లకి మోయు బోయీ పస్తుండును.

మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెగారికి ఆయన వ్రాసి పంపిన ఆ సంగతులు 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయినవి. అప్పటికి ఆయన గతించి రెండేండ్లు. తరువాతి యాత్రికులకు ఆయన కట్టియిచ్చిన దారిబత్తెము ఆ పుస్తకమే.

అయినను దానికొక హద్దు కలదు. తిరుగుప్రయాణమున ఆయన కోస్తా తెలుగుసీమ మీదుగా వచ్చిరి. ఆ మరుసటి సంవత్సరమే, అనగా నందన సంవత్సరమున, 1832-33లో గుంటూరు సీమను ఘోరమైన కరవు పట్టినది. గింజ దొరకక జనము ఊళ్ళు విడిచి, తిండి వెదకికొనుచు చెన్నపట్టణపు దారి పట్టిరి. అనేకులు దారిలోనే కూలిరి. అంగడి యెక్కడ నున్నదో తెలిసినను, అందులో గింజ లేనప్పుడు ఆ తెలివి యెవరిని బ్రతికించును?

బాటసారి బత్తెము అతని మూటలో కొంచెమే. తక్కినదంతయు దారిప్రక్క ఊళ్ళ గాదెలలో ఉన్నది. ఆ ఊళ్ళు తిన్నంతకాలమే అతడును తినును.