దీపాలదిన్నె

మాది అమరావతి అంటే మిత్రులు చాలామంది రాజధాని అనుకుంటారు. రాజధానికి 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది ఉద్దండరాయునిపాలెంలో. అది కృష్ణ ఒడ్డునే, మాకు దిగువన ఉన్న వేరే ఊరు. మా ఊరి నుంచి వెళ్ళింది పేరు మాత్రమే.

మా ఊరి పాత పేరు ధాన్యకటకం. ఆనుకుని ఉన్న ధరణికోటలో మట్టికోట ఆనవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. శాతవాహనుల కాలంలో ఇది పెద్ద పట్నం. (ఇప్పుడు మా నల్లరేగళ్ళలో ధాన్యం కంటే మిరపా పత్తీ ఎక్కువ.)

ఇక స్తూపం సంగతి. క్రీస్తుకు పూర్వమే మొదలై, క్రీ.శ. 2వ శతాబ్దం నాటికి 160 అడుగులకు పైగా వ్యాసంతో పెరిగింది. దీనికి పల్నాటి సున్నపురాయి చెక్కించి ఇచ్చినవాళ్ళు రాజులే కాదు. వర్తకులు, గృహస్థులు, భిక్షుణులు ఉన్నారు. పూర్ణకుంభం చెక్కిన ఒక ఫలకాన్ని విధికుడనే చర్మకారుడు ఇచ్చాడని దానిమీదే రాసి ఉంది. 1344 నాటి సింహళ శాసనంలో కూడా ధాన్యకటకంలో చేసిన మరమ్మతుల ప్రస్తావన ఉంది. తర్వాత అంతా మరుగునపడి, జనం నోట 'దీపాలదిన్నె' అయింది.

1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు చింతపల్లి నుంచి వచ్చి ఇక్కడ కొత్త పట్నం కట్టించాడు. ఇటుకల కోసం, రాళ్ళ కోసం దిన్నె తవ్వారు. ఆ కబురు విని కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు. మళ్ళీ 1816లో వచ్చేసరికి దిన్నె నడిమధ్యన చెరువు తవ్వి ఉంది! శిల్పాలు కొన్ని గోడల్లోకి, మెట్లలోకి పోగా, కొన్ని సున్నపు బట్టీల్లో పడ్డాయి.

కెమిస్ట్రీ విద్యార్థిగా ఇక్కడ ఒక మాట. శుద్ధమైన సున్నపురాయి వంద కిలోలు సుమారు 900 డిగ్రీల దగ్గర కాలిస్తే 56 కిలోల సున్నం వస్తుంది, 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తుంది. ల్యాబులో రాసుకునే ఈ లెక్కలో విధికుడి పేరు లాంటివి ఎన్ని కాలిపోయాయో! ఆ రోజుల్లో గచ్చుకి సున్నం కావాలి, రాయి చేతికి అందేట్టుంది. జమీందారునొక్కణ్ణే తిట్టి లాభం లేదు.

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసు చేరి, 1859లో లండన్‌కు ఓడెక్కాయి. బ్రిటిష్ మ్యూజియంలో వందకు పైగా ఉన్నాయి. మిగతావాటిలో చాలా చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. మన రాళ్ళు చూడ్డానికి వీసా కావాలా అని కోపం వస్తుంది గానీ, బట్టీలో పడకుండా మిగిలినందుకు సంతోషం కూడా ఉంది.

అమరేశ్వరాలయం పంచారామాల్లో ఒకటి. లింగం ఎంత పొడుగంటే, పూజారులు మేడెక్కి అభిషేకం చేస్తారు. శ్రీకృష్ణదేవరాయలు 1515లో ఇక్కడ తులాపురుషదానం చేశాడు. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' చదివినవారికి ఈ గుడీ, రేవూ కొత్త కాదు.

స్తూపం దగ్గర మిగిలింది ఇటుకదిమ్మె, నిలబెట్టిన కొన్ని రాళ్ళు. నేరుగా అక్కడికే వెళ్తే "ఇంతేనా" అనిపిస్తుంది. అందుకని ముందు మ్యూజియంలో స్తూపం నమూనా చూసి, తర్వాత దిన్నెకి వెళ్ళండి. గుంటూరు నుంచి బస్సులున్నాయి. శుక్రవారం మాత్రం రాకండి, మ్యూజియానికి సెలవు.