పొడి రాయి మీదికీ అల వస్తుంది

అక్టోబరు చివరికొచ్చేసరికి మిన్నెసోటా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఫోటోగ్రఫీ సలహాలు జోరందుకుంటాయి. సుపీరియర్ సరస్సు ఉత్తర తీరాన అలలు లేచే కాలం అది. ఏటా చేతులు మారుతూ వచ్చే ఆ సలహా సారాంశం ఇది: ‘‘రాయి పొడిగా ఉందో లేదో చూసుకోండి. పొడిగా ఉన్నచోటికి అల రాదు. అక్కడ వైడ్ లెన్స్ పెట్టి కూర్చుంటే అచ్చం సముద్రంలాంటి ఫోటో వస్తుంది. ఎంతైనా సరస్సే కదా, ఆటుపోట్లు ఉండవు.’’ ఇది నమ్మి పిల్లల్ని వెంటబెట్టుకుని రాతి అంచుల మీదికి దిగేవాళ్లు ఉన్నారు. ఒకరు అక్కడ తీసిన ఫోటో పెడితే, మరుసటి వారం అదే రాయిని వెతుక్కుంటూ మరికొందరు బయల్దేరతారు. ఆ సలహాలో ఆటుపోట్లు లేవన్న ముక్క ఒక్కటే దాదాపు నిజం. మిగిలినదంతా ప్రాణాల మీదికి తెచ్చేదే.

ముందు ‘సరస్సే కదా’ అన్న మాట సంగతి. సుపీరియర్ విస్తీర్ణం సుమారు 82 వేల చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణలో దాదాపు ముప్పావు వంతు. పొడవు 560 కిలోమీటర్ల పైనే, లోతు ఒకచోట 406 మీటర్లు. గాలి ఎంత బలంగా, ఎంతసేపు, ఎంత దూరం నీటి మీద అడ్డులేకుండా వీచిందన్నదాన్ని బట్టి అల ఎత్తు పెరుగుతుంది. అది సముద్రమా సరస్సా అన్నదానితో దానికి పని లేదు. ఈశాన్యం నుంచి గాలి లేచిందంటే సరస్సు పొడవునా నీటిని తోసుకుంటూ వచ్చి, ఇరుకైన పడమటి కొసలో ఉన్న డులూత్ మీద పడుతుంది. 1975 నవంబరు 10న ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే ఇనుప ఖనిజం ఓడ ఈ సరస్సులోనే 29 మందితో సహా మునిగిపోయింది. 2017 అక్టోబరు 24న మిషిగన్ తీరానికి ఉత్తరాన నీటిపై తేలుతూ అలలను కొలిచే ఒక బోయా 28.8 అడుగుల అలను నమోదు చేసింది. రెండంతస్తుల ఇంటికన్నా ఎత్తు అది. ఆ రోజే మార్క్వెట్ ఊళ్లో బ్లాక్ రాక్స్ అనే రాతి అంచు మీదున్న ఇద్దరిని అల లాక్కుపోయింది. వాళ్లు ప్రాణాలతో బయటపడలేదు.

డులూత్‌లో ఇంకా పాత ఘటన ఉంది. 1967 ఏప్రిల్ 30న ఓడలు వచ్చే కాలువ పక్కనున్న ఉత్తరపు గోడ మీద ముగ్గురు అన్నదమ్ములు అలల్లో చిక్కుకున్నారు. వాళ్లను వెతకడానికి వెళ్లిన కోస్ట్ గార్డ్ బృందంలో ఒకరిని కూడా అల ఊడ్చేసింది. నలుగురూ పోయారు. అది ఎగుడుదిగుడు రాయి కాదు, చదునైన కాంక్రీటు గోడ. తీరం ఎరిగిన కోస్ట్ గార్డ్ మనిషే నిలవలేకపోయిన చోట, వారాంతానికి కారు తోలుకొచ్చిన మనం నిలుస్తామనుకోవడం ఎంత తప్పో వేరే చెప్పక్కర్లేదు.

ఇక పొడి రాయి. అది మనకు చెప్పేది ఒకటే: గత కొద్ది నిమిషాల్లో అక్కడికి అల రాలేదని. అంతకుమించి ఏమీ చెప్పదు. తుపాను గాలిలో, ఎండ పడుతున్న నల్లటి బసాల్ట్ రాయి తొందరగా ఆరిపోతుంది. అరగంట క్రితం పెద్ద అల కడిగిన రాయి కూడా మనం వెళ్లేసరికి పొడిగానే కనిపించవచ్చు. పైగా వాతావరణ సూచనలో ‘ఆరు నుంచి తొమ్మిది అడుగుల అలలు’ అన్నారంటే గరిష్ఠ ఎత్తు తొమ్మిది అడుగులని కాదు. అక్కడ చెప్పేది అన్నిటికన్నా పెద్దవైన మూడోవంతు అలల సగటు ఎత్తు. వాటి మధ్యలో విడిగా ఒక అల దానికి దాదాపు రెట్టింపు లేవవచ్చు. చాలామంది ఈ లెక్క తెలియకే దెబ్బతింటారు. తొమ్మిది అడుగులకు సరిపడా ఎత్తులో నిలబడి, పద్దెనిమిది అడుగుల అలకు ఎదురెళతారు.

అల తీరాన్ని తాకాక జరిగేది ఇంకో ఎత్తు. ఉత్తర తీరపు రాళ్లలో నిలువు చీలికలు, ఇరుకు సందులు ఎక్కువ. వెడల్పుగా వచ్చిన నీరు సందులో దూరి, పోవడానికి చోటు లేక పైకి చిమ్ముతుంది. పక్కనే పది అడుగుల దూరంలో ఏ అలా ఎక్కని రాయి ఉంటుంది, ఈ సందు మీద మాత్రం నీరు మనిషెత్తు దాటి లేస్తుంది. ఒకచోట భద్రంగా ఉందని దాని పక్కచోటును నమ్మడానికి లేదు.

ఉప్పు నీరు కాదు కాబట్టి అల దెబ్బ తేలికగా ఉంటుందని కూడా అంటుంటారు. ఉప్పు నీటికీ మంచి నీటికీ బరువులో తేడా నూటికి రెండున్నర పాళ్లు. దెబ్బ తిన్నవాడికి ఆ తేడా తెలియదు. తెలిసే తేడా వేరే ఉంది. మహాసముద్రపు పెద్ద అలలు పది, పదిహేను సెకన్లకొకటి వస్తే, ఇక్కడివి చాలాసార్లు నాలుగు నుంచి ఎనిమిది సెకన్లకే వస్తాయి. నిటారుగా, వెంటవెంటనే. ఒక అల పడగొడితే లేచి నిలబడేలోపు రెండోది వచ్చేస్తుంది. ఉప్పు లేకపోవడం వల్ల మరో నష్టమూ ఉంది. ఈ నీరు సున్నా డిగ్రీలకే గడ్డకడుతుంది. నవంబరు తుంపర రాళ్ల మీద పడి కనీకనిపించని గాజు పొరలా అతుక్కుంటుంది. నల్లరాయి తడిగా ఉందనుకుని కాలు వేస్తాం, అది మంచు.

ఇంత చెప్పినా ‘దగ్గరికెళ్లకపోతే ఫోటో రాదు కదా’ అనే ప్రశ్న మిగులుతుంది. ప్రమాదానికి అసలు మూలం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చెప్పాలి. వైడ్ లెన్స్ దగ్గరున్న రాయిని పెద్దది చేసి, వెనకున్న అలను చిన్నది చేస్తుంది. పదహారు మిల్లీమీటర్ల లెన్స్‌లో పదిహేను అడుగుల దూరంలోని అల ఎక్కడో దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది. అలను పెద్దగా చూపించాలని తీసుకెళ్లిన లెన్స్ దాన్ని చిన్నది చేస్తోంది. దాంతో ఫోటోగ్రాఫర్ ఇంకో అడుగు ముందుకు వేస్తాడు. ఇంకా చిన్నగానే ఉందని మరో అడుగు. కన్ను తెర మీదే ఉండటంతో అసలు దూరం తెలియదు.

దూరంగా, ఎత్తులో నిలబడి రెండు వందలో నాలుగు వందలో మిల్లీమీటర్ల టెలిఫోటో పెట్టి చూడండి. అల, దాని వెనక కొండ, కొండ మీది దీపస్తంభం ఒకదానికొకటి దగ్గరకొచ్చేస్తాయి. కెరటం కొండను మింగబోతున్నట్టుంటుంది. తుపాను అలల ఘనమైన ఫోటోలు చాలావరకు ఇలా దూరం నుంచి తీసినవే. ఉదాహరణకు, ఇదే తీరంలోని స్ప్లిట్ రాక్ దీపస్తంభం నలభై మీటర్ల కొండ కొమ్ము మీద ఉంటుంది. 1905 నవంబరు తుపానులో ఓడలు దెబ్బతిన్న తర్వాతే దాన్ని కట్టాలని నిశ్చయించారు, 1910 నాటికి వెలిగించారు. ఏటా నవంబరు 10న ఫిట్జ్‌జెరాల్డ్ మృతుల స్మృతిలో దీపం వెలిగిస్తారు. ఆ దృశ్యాన్ని అంచుకు పోకుండా దూరం నుంచి తీస్తేనే స్తంభం, కొండ, నీరు మూడూ ఒక చట్రంలోకి వస్తాయి. టెటగూష్ పార్కులోని షవల్ పాయింట్ దారిలో మెట్లు, నిలబడి చూడటానికి వేదికలు ఉన్నాయి. పాలిసేడ్ హెడ్ పైకి కారులోనే వెళ్లవచ్చు, అయితే అక్కడ అంచున కంచె లేదు. పిల్లల చెయ్యి వదలకండి.

షట్టర్ సంగతీ చెప్పేస్తాను. నీటిని పాలలా చేసే ముప్పై సెకన్ల ఎక్స్‌పోజర్ ప్రశాంతమైన వేకువకు సరిపోతుంది. తుపాను అలకు అది అన్యాయం చేస్తుంది, దాని ఆకారాన్నే చెరిపేస్తుంది. సెకనులో ఐదువందలో వంతు నుంచి వెయ్యో వంతు దాకా పెడితే చిందే ప్రతి బొట్టూ నిలుస్తుంది. రాళ్ల మీంచి వెనక్కి జారే నీటి చారలు కావాలంటే పావు సెకను నుంచి సెకను లోపు సరిపోతుంది.

‘నాకు ఈత బాగా వచ్చు’ అనే ధీమా గురించి ఒక్కమాట కాదు, చాలా చెప్పాలి. గోదావరిలో, ఊరి బావిలో నేర్చిన ఈత ఇక్కడ మొదటి నిమిషంలో పనికిరాదు. ఈ సరస్సు నీటి ఏడాది సగటు ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉంటుంది. అంత చల్లటి నీటిలో పడగానే మనిషి తనకు తెలియకుండానే గట్టిగా శ్వాస లాగుతాడు. తల అప్పుడు నీటిలో ఉంటే లాగేది నీటినే. చల్లటి నీటి భద్రత బోధించేవాళ్లు దీన్ని మూడు అంకెల్లో చెబుతారు: శ్వాస అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు కాళ్లు మాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పేది సుమారు ఒక గంటకు. అంటే చలికి చచ్చిపోవడం చివరి సంగతి. అంతకు చాలాముందే చేతులు పట్టు కోల్పోయి రాయిని పట్టుకోలేకపోతాం. జులైలో నీరు గోరువెచ్చగా ఉంటుందనేది కూడా పూర్తిగా నమ్మదగింది కాదు. వాయవ్యం నుంచి బలమైన గాలి వీస్తే ఉత్తర తీరపు వెచ్చటి పైపొరను లోపలికి నెట్టేస్తుంది, అడుగున ఉన్న చల్లటి నీరు పైకి వస్తుంది. నిన్న పిల్లలు ఆడిన నీరు ఇవాళ కాళ్లు కొరికేస్తుంది.

ఈ అపోహల్లో ఒక్కదానికి మాత్రం, మనసొప్పకపోయినా, కొంత విలువ ఇవ్వక తప్పదు. పెద్ద అలలు మూడేసి కలిసి వస్తాయని సుపీరియర్ నావికులు అంటుంటారు, వాటిని మూడు అక్కచెల్లెళ్లని పిలుస్తారు. ప్రతి ఏడో అలా పెద్దదని లెక్కపెట్టే అలవాటుకు ఏ ఆధారమూ లేదు. కానీ అలలు గుంపులుగా వస్తాయన్నది నిజమే. కొంచెం వేర్వేరు వేగాలతో సాగే అలలు ఒకదానిమీదొకటి కలిసినప్పుడు ఎత్తు పెరుగుతుంది, విడిపోయినప్పుడు తగ్గుతుంది. మూడో రెండో ఐదో ఎవరూ ముందు చెప్పలేరు. అక్కచెల్లెళ్ల నమ్మకం మనిషిని ఆగి చూసేలా చేస్తే అది మంచిదే. ‘మూడూ అయిపోయాయి, ఇక దిగొచ్చు’ అనిపిస్తే మాత్రం అదే ప్రమాదం.

చలికాలపు అపోహ దీనికి తోబుట్టువు: మంచు గట్టిగా ఉంటే ఎంత దూరమైనా నడవవచ్చని. 2022 డిసెంబరు 26న అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ సరస్సు మంచు పగిలి ముగ్గురు భారతీయులు చనిపోయారు. వారిలో గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన దంపతులు ఉన్నారు. అది సుపీరియర్‌తో పోలిస్తే చాలా చిన్న సరస్సు. ఇక్కడ మంచు మందంగా ఉన్నా సరిపోదు, ఎందుకంటే అది తీరానికి కట్టేసి ఉండదు. వాయవ్య గాలి తిరిగితే పలకకు పలక తీరం నుంచి విడిపోయి లోపలికి కొట్టుకుపోతుంది. నీలి మంచు పలకలు ఒకదానిమీదొకటి పేర్చుకుని ఎండకు మెరిసే ఫోటోలు తీరం నుంచే బ్రహ్మాండంగా వస్తాయి. ఆ పలకలను పేర్చింది కూడా గాలీ, అలలే.

చిన్నాచితకా అపోహలు కూడా ఉన్నాయి. ఆకాశం తేటపడితే అలలు తగ్గినట్టేనంటారు, కాదు. గాలి ఆగాక కూడా చాలాసేపు వస్తూనే ఉంటాయి. నూటపది కోట్ల ఏళ్ల నాటి రాయి విరగదనుకోవద్దు. టెటగూష్ తీరాన నీటిలోకి చాచుకున్న రాతి తోరణం 2010లో కూలింది, మిగిలిన స్తంభం 2019లో పడిపోయింది. మిన్నెసోటా తీరాన అరోరా సరస్సు మీదే కనిపిస్తుందని ఆశపడకండి. సరస్సు మనకు ఆగ్నేయాన ఉంటుంది, అరోరా సాధారణంగా ఉత్తరాన, అడవుల మీద. నీటి మీద కావాలంటే అవతలి తీరానికి, విస్కాన్సిన్, మిషిగన్ వైపుకు వెళ్లాలి. అదే కారణంతో ఇక్కడ సూర్యోదయానికి లేవాలి, సాయంత్రానికి కాదు. ఖరీదైన కెమెరా ఉంటేనే మంచి ఫోటో వస్తుందనేవాళ్లకు జవాబివ్వను.

వెళ్లేముందు రాత్రి అమెరికా జాతీయ వాతావరణ సేవ డులూత్ కార్యాలయం ఇచ్చే తీరపు సూచన చదవండి. ‘గేల్ వార్నింగ్’ అంటే 34 నాట్లు, అంటే గంటకు సుమారు 63 కిలోమీటర్లు, లేదా అంతకన్నా బలమైన గాలి. ఆ రోజు నీటి పక్కకు దిగే ఆలోచనే పెట్టుకోకండి, ఎత్తు నుంచే తీయండి. మామూలు రోజుల్లోనూ ట్రైపాడ్ తీసేముందు కనీసం ఇరవై నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. నారింజ, బూడిద రంగు లైకెన్ మచ్చలు పట్టిన రాయి దగ్గర మొదలుపెట్టండి. బోడిగా, కడిగినట్టున్న రాయి అలదీ మంచుదీ, మనది కాదు. లైకెన్ ఉన్నంతమాత్రాన హామీ లేదు, లేకపోతే మాత్రం హెచ్చరికే. నీటికి వీపు పెట్టి సెల్ఫీ వద్దు. ఒక్కరే వెళ్లకండి, ఇద్దరుంటే ఒకరు అలలనే చూస్తూ ఉండాలి. అల వస్తే కెమెరా సంచీ వదిలేసి పరుగెత్తండి, సంచీ కోసం వెనక్కి తిరిగినవాళ్లకే రెండో అల తగులుతుంది.

ఎవరైనా నీళ్లలో పడితే వెంట దూకకండి. తాడో, తేలే సంచో విసరండి, కళ్లు వాళ్ల మీద నుంచి తిప్పకుండా మరొకరితో 911కి ఫోన్ చేయించండి. ఆ తీరంలో కొన్నిచోట్ల ఫోన్‌కు సిగ్నల్ దొరకదు, కాబట్టి దిగేముందే సిగ్నల్ ఎక్కడిదాకా ఉందో చూసుకోండి. రాళ్ల పేర్లూ, మలుపుల గుర్తులూ చెప్పి కాలం వృథా చేయకుండా హైవే 61 మీద కారు ఆపిన చోటికి దగ్గరలోని మైలు స్తంభం నంబరు చెప్పండి. ఆ రహదారి వెంట అందరూ చిరునామా చెప్పుకునేది ఆ నంబరుతోనే.