వంకర కాళ్ళకు కొలత ఎందుకు?

రామన్నపేట ఇదివరకు నల్లగొండ జిల్లాలో ఉండేది. 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. జిల్లా మారింది గాని నేల కింద రాయి అదే. ఆ రాయిలో ఉన్న ఫ్లోరైడు బోరు నీళ్ళలో కరిగి వస్తుంది. అది కంటికి కనబడదు. నాలుకకు తెలియదు. నీళ్ళు కాచినా పోదు. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే ఆ నీళ్ళు తాగరాదు.

ఏండ్ల తరబడి అవే నీళ్ళు తాగితే పండ్లు గార పడతాయి. నడుము బిగుసుకుంటుంది. ఎదిగే పిల్లలకు కాళ్ళు వంగుతాయి. మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. పాదాలు దూరంగా పడతాయి. నల్లగొండ జిల్లాలో కనబడిన ఈ వంకర గురించి 1973లో ఇద్దరు డాక్టర్లు లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. వాళ్ళు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసేవారు. తిండిలో కాల్షియం కూడా తక్కువైతే ఎముకకు చెరుపు ఇంకా ఎక్కువ.

కాళ్ళు వంగిన బిడ్డను చూసి కొందరు "రాత" అని ఊరుకుంటారు. కొందరు ఆపరేషన్ చేయించాలని తొందరపడతారు. రెండూ కొలవకుండా అనే మాటలే.

మొదట వయసు చూడాలి. 1975లో ఫిన్లాండు దేశంలో సలేనియస్, వాంకా అనే డాక్టర్లు 979 మంది పిల్లల కాళ్ళు కొలిచిన లెక్కలు అచ్చువేశారు. పుట్టిన బిడ్డ కాళ్ళు విల్లులాగా బయటికి వంగి ఉంటాయి. రెండేండ్లు వచ్చేసరికి తిన్నగా అవుతాయి. మూడో ఏట మోకాళ్ళు లోపలికి వంగుతాయి. ఆరేడు ఏండ్లకు ఆ వంపు చాలావరకు తగ్గుతుంది. అంటే మూడేండ్ల పిల్ల మోకాళ్ళు తగులుకుంటే అది చాలాసార్లు రోగం కాదు, ఎదుగుదల. తరువాత వేరే దేశాల్లోనూ కొలిచారు. వంపు ఎక్కువగా ఉండే వయసు అన్ని చోట్లా ఒకటి కాదని తేలింది. అందుకే మన పిల్లల కొలతలు మనకు ఉండాలి. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్లు 2013లో దక్షిణాది పిల్లల కొలతలు అచ్చువేశారు.

ఇంట్లో మనమూ కొలవవచ్చు. దర్జీ టేపు చాలు. పిల్లను నిలబెట్టండి. మోకాలి చిప్పలు ముందుకు చూడాలి. మోకాళ్ళు రెండూ కొద్దిగా తగలాలి. అప్పుడు రెండు చీలమండల లోపలి బుడిపెల మధ్య ఎంత ఎడం ఉందో చూడండి. ఏడేండ్లు దాటిన పిల్లకు 8 సెంటీమీటర్లు మించితే దవాఖానాలో చూపించండి. ఒక్క కాలే వంగినా, నొప్పి ఉన్నా, ఎడం పెరుగుతున్నా అంకె కోసం ఆగవద్దు. తేదీ వేసి కొలత రాసి పెట్టుకోండి. డాక్టరుకు ఆ కాగితం చాలా పనికొస్తుంది.

దవాఖానాలో తుంటి నుంచి చీలమండ దాకా పొడుగు ఎక్స్‌రే తీస్తారు. మేస్త్రి గోడకు గుండు కట్టిన దారం వేలాడదీసి చూస్తాడు కదా! ఇదీ అట్లనే. తుంటి గుండు నడుమ నుంచి చీలమండ నడుమకు గీత గీస్తారు. బాగున్న కాలులో ఆ గీత మోకాలి నడిమికి దగ్గరగా పోతుంది. మోకాలు లోపలికి వంగితే గీత బయటి పక్కకు జరుగుతుంది.

అయితే వంకర ఎక్కడ ఉంది? తొడ ఎముకలోనా, పిక్క దగ్గరి ఎముకలోనా? రెండింటి కోణాలూ విడిగా కొలుస్తారు. నా లెక్కన అన్నిటికన్నా ముఖ్యం ఇదే. వంకర తొడ ఎముకలో ఉంటే కింది ఎముకను కోశారనుకోండి. కాలు తిన్నగా కనబడుతుంది. కాని మోకాలి కీలు ఏటవాలుగా మిగులుతుంది.

ఎదుగుదల ఆగినవారికి ఎముకలోంచి పుచ్చకాయ ముక్కలాగా ఒక పక్క మందం, ఒక పక్క సన్నం ఉండే ముక్క తీసి తిన్నగా చేసే పద్ధతి ఉంది. ఎముక వెడల్పు 60 మిల్లీమీటర్లు అనుకోండి. 15 డిగ్రీలు సరిచేయాలంటే ముక్క మందం వైపు సుమారు 16 మిల్లీమీటర్లు ఉండాలి. తక్కువ తీస్తే వంకర మిగులుతుంది. ఎక్కువ తీస్తే కాలు అటు పక్కకు వంగుతుంది.

ఇంకా ఎదిగే పిల్లలకు ఎముక కోయకుండా మోకాలి లోపలి పక్కన చిన్న ప్లేటు బిగించవచ్చు. ఆ పక్క ఎదుగుదల ఆగుతుంది. బయటి పక్క ఎదిగి కాలు తిన్నగా వస్తుంది.

ఇవన్నీ చేసే ముందు డాక్టరు రక్తంలో కాల్షియం, భాస్వరం చూస్తాడు. ఎముక రోగం తగ్గక ముందే కోస్తే, మళ్ళీ వంగవచ్చు. కాబట్టి ఇంట్లో తాగే నీళ్ళు ముందే మారాలి. 2016లో మొదలైన మిషన్ భగీరథ పథకం కృష్ణా, గోదావరి నీళ్ళను నల్లాల్లో ఇస్తుంది. నల్లా వచ్చినా "బోరు నీళ్ళే రుచి" అని తాగేవాళ్ళు ఉన్నారు. ఆ నీళ్ళు పరీక్ష చేయించండి. దవాఖానాకు పోయినప్పుడు పిల్ల ఏ నీళ్ళు, ఎన్నేండ్లు తాగిందో కూడా చెప్పండి.

ప్లేటు వేయించుకున్నాక మాత్రం చెప్పిన తేదీకి తప్పకుండా పోవాలి. ప్రతిసారీ డాక్టరు మళ్ళీ కొలుస్తాడు. కాలు తిన్నగా కాగానే ప్లేటు తీయాలి. తీయకపోతే కాలు వంగడం ఆగదు, ఈసారి అటు పక్కకు వంగుతుంది.