శాస్త్రజ్ఞుడు, రైతు, కొత్తపల్లి వాననీరు

హైదరాబాదుకు ఉత్తరాన శామీర్‌పేట చెరువు దాటి వెళ్ళినవారికి తుర్కపల్లి, లాల్‌గడి మలక్‌పేట గ్రామాల పరిసరాలలో ఒక వింత ఇరుగుపొరుగు కనబడుతుంది. ఒక వంక టీకాల మీద, ఔషధాల మీద పనిచేసే జీవసాంకేతిక సంస్థల ప్రహరీలు. మరొక వంక పంటపొలాలు. గోడకూ గట్టుకూ నడుమ దూరం కొద్దిపాటిదే. అయినా లోపలివారికి బయటివారితో మాట్లాడవలసిన అవసరం సాధారణంగా కలుగదు. వారి విద్య వేరు, వీరి వృత్తి వేరు.

అయితే పొలాన్నే పరిశోధించే శాస్త్రజ్ఞులకూ రైతుకూ నడుమ సైతం చిరకాలం ఇట్టి గోడయే ఉండినదంటే శ్రోతలకు ఆశ్చర్యం కలుగవచ్చు. ఆ గోడ ఎట్లు తొలగినదో తెలుసుకొనడానికి మనం నగరానికి పడమటి వైపు వెళ్ళాలి.

పటాన్‌చెరులో 1972లో మెట్టపంటల కొరకు ఒక అంతర్జాతీయ పరిశోధన సంస్థ వెలసినది. ఇక్రిశాట్ అన్న పేరుతో అందరికీ పరిచయమైనది అదే. నల్లరేగడి నేలలను వానాకాలమంతా బీడుగా ఉంచి, వానలు వెనుదీసిన తరువాత నేలలో మిగిలిన చెమ్మతో ఒక్క పంట తీయడం మన మెట్టరైతులలో చాలామందికి తరతరాల అలవాటు. ఆ నేలలోనే రెండు పంటలు ఎందుకు తీయరాదని 1976లో సంస్థ క్షేత్రంలో ఒక దీర్ఘ ప్రయోగం ఆరంభమైనది. నేలను వాలునుబట్టి వెడల్పాటి మట్టి ఎత్తులుగాను, వాటి నడుమ సన్నని కాలువలుగాను తీర్చారు. ఎక్కువైన నీరు కాలువలోకి జారిపోతుంది, కావలసిన చెమ్మ ఎత్తులో నిలుస్తుంది. ఏళ్ళ తరబడి తీసిన సగటున హెక్టారుకు సుమారు 5 టన్నుల ధాన్యం వచ్చినది. పాత పద్ధతిలో సాగిన పక్క పొలంలో వచ్చినది సుమారు ఒక్క టన్ను.

ఇంత స్పష్టమైన లెక్కను చూచి పల్లెలు ఎగబడవలసినది. ఎగబడలేదు. ఆ సేద్యానికి ప్రత్యేకమైన పనిముట్లు కావాలి. అదనుకు పెట్టుబడి చేతికి రావాలి. వేసిన పంటకు బజారు ఉండాలి. వీటిలో ఏ ఒక్కటీ ప్రయోగక్షేత్రపు కంచె లోపల ఎదురయ్యే చిక్కు కాదు. అన్నీ సిద్ధం చేసుకొని, కట్టకడపట రైతును పిలిచి చూపించారు. మా ఆకాశవాణి వారికీ ఈ బలహీనత లేకపోలేదు. రేడియో చెప్పగలదు గాని వినలేదు కదా!

రంగారెడ్డి జిల్లా శంకరపల్లి మండలంలోని కొత్తపల్లిలో 1999లో ఈ వరుస మారినది. ఇక్రిశాట్, కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, జాతీయ దూరసంవేదన సంస్థ, ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్, జిల్లా అధికారులు, వీరందరూ గ్రామస్థుల సంఘంతో జతకూడారు. ఆ నీటి పరీవాహక పథకానికి ‘ఆదర్శ’ అని పేరు. ఆసియా అభివృద్ధి బ్యాంకు కొంత ధనసహాయం చేసినది. ఊరి భూమి 465 హెక్టార్లు. అప్పట్లో పత్తిదే పైచేయి. బావులు వేసవి రాకముందే అడుగంటేవి. ఎక్కడ ఏ కట్ట వేయాలో ఊరివారితో కలిసి నిర్ణయించారు. అందరికీ చెందే కట్టలకు పథకపు డబ్బు. ఎవరి పొలంలోని ప్రయోగానికి వారి సొంత ఖర్చు. ఈ రెండవ నియమం కఠినంగా తోచవచ్చు. అయితే ఊరక వచ్చిన విత్తనం పండకపోతే రైతు మాట్లాడడు. తన డబ్బు పెట్టినవాడు మాత్రం మర్నాడే వచ్చి ఎందుకు పండలేదని నిలదీస్తాడు. శాస్త్రజ్ఞునికి అంతకంటె మేలైన పరీక్షకుడు ఎక్కడ దొరుకుతాడు?

విద్య ఒకే దిక్కుగా ప్రవహించలేదనడానికి కందిచేను సాక్షి. కందికాయను తొలిచే శనగపచ్చ పురుగు మందులకు లొంగడం మానివేసి చాలా కాలమైనది. 1997-98లో ఓరుగల్లు ప్రాంతపు పత్తిరైతులు పురుగుల తాకిడికి, మందుల అప్పులకు కుంగి ప్రాణాలు తీసుకొనడం మనమెవరమూ మరువలేదు. పురుగుమందులు రాక పూర్వం మన రైతులకు ఒక ఉపాయం ఉండేది. కందిమొక్కల కింద గుడ్డ పరచి, కొమ్మలను మెల్లగా దులిపితే పురుగులు జలజల రాలేవి. శాస్త్రజ్ఞులు ఈ పాత ఉపాయాన్ని పొలంలో లెక్కగట్టి చూశారు. నూటికి 85 వంతుల వరకు పురుగులు రాలిపోతున్నట్లు తేలినది.

రాలిన పురుగులను ఏమి చేయాలి? కోళ్ళకు వేయవచ్చు. ఇక్కడ ప్రయోగశాల తన వంతు తెచ్చినది. ఈ పురుగుకు ఎన్‌.పి.వి. అనే వైరస్ వలన ఒక జబ్బు వస్తుంది. జబ్బుపడిన పురుగు మొక్క కొనకు పాకి, తలకిందులుగా వ్రేలాడి చనిపోతుంది. రైతులు దానిని ఎన్నోమార్లు చూచినవారే. కారణం మాత్రం తెలియదు. దులిపి పట్టిన పురుగులకు ఈ వైరస్ తగిలించిన మేత పెట్టి, చచ్చినవాటిని నూరి వడకట్టి, ఆ ద్రావణాన్ని చేనిమీద చల్లుతారు. ఎండ తగిలితే వైరస్ నశిస్తుంది కనుక సాయంకాలమే చల్లాలి. ఇది మనుషులకు, పశువులకు, తేనెటీగలకు హాని చేయదు. పురుగే పురుగుకు మందైనది. ఆ మందు ఊరిలోనే తయారైనది.

నేల విషయంలో మాత్రం శాస్త్రజ్ఞునిదే ముందంజ. మట్టిని పరీక్షిస్తే గంధకం, జింకు, బోరాన్ కొరవడినట్లు బయటపడినది. ఆకును చూచి ఏ రైతూ ఊహించలేని లోపమిది. హెక్టారుకు అర కిలో బోరాన్ చాలు. గట్లమీద గ్లిరిసిడియా నాటి, దాని ఆకును పొలానికి ఎరువుగా వేశారు. మహిళా సంఘాలవారు, ఎందుకూ కొరగాదని తిట్టుకొనే వయ్యారిభామ మొక్కను కూడా వానపాముల ఎరువుగా మార్చారు. 1998లో హెక్టారుకు సుమారు ఒకటిన్నర టన్ను పండిన మొక్కజొన్న, కొద్ది ఏళ్ళలోనే రెట్టింపు దాటినది.

14 చెక్‌డ్యాములు, వాగుల పొడవునా రాతికట్టలు లేచాయి. ఊరిలోని 62 బావులలో నీటిమట్టాన్ని క్రమంగా కొలుస్తూ వచ్చారు, నీరు పెరిగినది. నీరు కనిపించగానే ఎక్కువ నీరు తాగే పంటలమీదికి మనసుపోవడం మానవస్వభావం. చేరిన నీటిని ఏ పంటకు ఎంత వాడుకోవాలన్నది కట్ట కట్టినంత సులువుగా తేలే విషయం కాదు.

మరొక చిక్కు నగరవాసులమైన మనకు సంబంధించినది. కొత్తపల్లి వాననీరు దిగువకు పారితే మూసీ మీది ఉస్మాన్‌సాగర్‌కు, అంటే 1920లో పూర్తయిన మన గండిపేటకు, చేరవలసినది. ఆ పరీవాహక ప్రాంతమంతటా పొలాలు ఇట్లే వాననీటిని పట్టి నిలిపితే చెరువుకు ఎంత నీరు తగ్గుతుందని శాస్త్రజ్ఞులే లెక్కవేసి, 2010 దాటిన తరువాత ప్రకటించారు. ఎగువ పంట పెరుగుతుంది, భూగర్భజలం పెరుగుతుంది, చెరువులోకి కొట్టుకువచ్చే ఒండ్రు తగ్గుతుంది. దానితోపాటు నీరూ తగ్గుతుంది. ఎగువ రైతు తన పొలంలో పడిన వానను తానే ఆపుకొంటున్నాడు. దిగువ మనం కుళాయి తిప్పుతున్నాము. కొత్తపల్లిలో రైతులు, శాస్త్రజ్ఞులు ఒక్కచోట కూర్చుని మాట్లాడుకొన్నారు. నగరం తరఫున ఆ సభలో కూర్చొనేవారు మాత్రం ఇంకా రావలసి ఉన్నది.